ముందు ఉజ్జాయింపు, తరవాతే లెక్క



"లెక్క నాకొచ్చు సార్. సిల్లీ మిస్టేక్ అయిపోయింది."

ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పినవాళ్ళెవరైనా ఈ మాట వినే ఉంటారు. వీకెండ్ టెస్టు పేపర్లు చేతికిచ్చిన ప్రతిసారీ వింటారు. సూత్రం తెలుసు. పద్ధతి తెలుసు. మధ్యలో ఎక్కడో చెయ్యి జారింది. రావలసిన నాలుగు మార్కులు పోయాయి, పైగా ఒకటి కోత పడింది. పిల్లవాడు తల గోక్కుని, "ఈసారి జాగ్రత్తగా చేస్తాను సార్" అంటాడు. పై వారం మళ్ళీ అదే కథ.

జాగ్రత్తగా చెయ్యడం అంటే ఏం చెయ్యడం? ఆ పిల్లవాడికి తెలీదు. నిజం చెప్పొద్దూ, చాలాకాలం నాకూ తెలీదు. "జాగ్రత్తరా" అని నేనూ ఊరికే అంటూ వచ్చాను. ఇవాళ మాత్రం ఆ జాగ్రత్త ఎలా ఉంటుందో చెబుతాను. జేఈఈ రాసేవాళ్ళకైనా, ఎప్‌సెట్ రాసేవాళ్ళకైనా ఒకటే మాట. ఎప్‌సెట్ అంటున్నాను గానీ, పేరు మారి ఇన్నాళ్ళయినా మన ఇళ్ళల్లో అది ఇంకా ఎంసెట్టే.

సంగతి ఇదీ. లెక్క చదవగానే పెన్ను పెట్టకండి. ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. జవాబు ఎందులో రావాలి? జవాబు ఎంత రావచ్చు? ఎందులో అంటే మీటర్లా, సెకన్లా, ఓమ్‌లా అని. ఎంత అంటే పదుల్లోనా, వేలల్లోనా, ఒకటి కంటే తక్కువా అని. ఆ ఉజ్జాయింపు రఫ్ పేజీ మూలన చిన్నగా రాసి పెట్టుకోండి. అప్పుడు లెక్క మొదలుపెట్టండి. చివరికి వచ్చిన జవాబు ఆ మూలన రాసినదానికి దగ్గరగా ఉందా, చూడండి. లేదంటే రెండింట్లో ఒకటి తప్పు.

మా నాయనమ్మ సంగతి చెబుతాను. ఆవిడ బడి మొహం చూడలేదు. పదిమంది చుట్టాలొస్తే ఎన్ని బియ్యం కడగాలో, ఎసరు ఎంత పెట్టాలో చిటికెలో చెప్పేది. ఒకరోజు మా పిన్ని ఏదో పరధ్యానంలో సోలతో కొలవాల్సిన బియ్యం మానికతో కొలిచి పోసేసింది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అంటే నాలుగింతలు పడ్డాయన్నమాట. నాయనమ్మ అటుగా వెళ్తూ గిన్నె వంక చూసి, "ఏమే, ఇవాళ మనింట్లో పెళ్ళా?" అంది. ఆవిడ మళ్ళీ కొలవలేదు. ఎన్నిసార్లు పోశావని అడగలేదు. ఆ గిన్నెలో ఎంత ఉండాలో ఆవిడకు ముందే తెలుసు కాబట్టి, చూడగానే తప్పు దొరికింది.

దీన్ని కాకిలెక్క అనుకునేరు. కాకిలెక్కకు ఆధారం ఉండదు, నోటికొచ్చిన అంకె చెప్పడమే. ఉజ్జాయింపుకు ఆధారం ఉంటుంది. ఇంతకంటే తక్కువ రాదు, అంతకంటే ఎక్కువ రాదు అని రెండు వైపులా గట్టు వేసుకోవడం అది.

ఇప్పుడు ఒక బస్సు లెక్క వినండి. పల్లెవెలుగు బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోంది. డ్రైవరు బ్రేకు వేశాడు. 5 సెకన్లలో ఒకే తీరుగా వేగం తగ్గి ఆగింది. బ్రేకు వేశాక ఎంత దూరం వెళ్ళింది?

నేను చూసిన ఒక పేపర్లో జవాబు 324 మీటర్లు. లెక్క వరుసంతా చక్కగా ఉంది. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చేటప్పుడు 5 బై 18 తో గుణించాలి కదా. అబ్బాయి దాన్ని తిరగేసి 18 బై 5 తో గుణించాడు. దాంతో మన పల్లెవెలుగు వేగం సెకనుకు దాదాపు 130 మీటర్లయింది. నేను పిలిచి అడిగాను. "ఏరా, నువ్వు రోజూ బస్సులోనే వస్తావుగా. డ్రైవరు మన స్టాపు దగ్గర బ్రేకు వేస్తే బస్సు ఎక్కడ ఆగుతుంది?" వాడు నవ్వేశాడు. 324 మీటర్లంటే మన స్టాపులో దిగాల్సినవాళ్ళు పై స్టాపులో దిగాలి. అసలు జవాబు 25 మీటర్లు. గంటకు 36 అంటే సెకనుకు 10 మీటర్లు. ఆగేలోపు సగటున 5 మీటర్ల వేగం. 5 సెకన్లకు 25 మీటర్లు.

ఈ సెకనుకు 10 మీటర్లు అనేదాన్ని మనసులో ఒక కొలబద్దలా దాచుకోండి. ఉసేన్ బోల్ట్ 2009లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు. అంటే సెకనుకు 10 మీటర్లు దాటి. ఎప్పుడైనా లెక్కలో మామూలు మనిషి సెకనుకు 40 మీటర్లు నడిచాడని వస్తే బోల్ట్‌ను గుర్తు చేసుకోండి. అలాగే ఎత్తులకు, లోతులకు ఒక కొలబద్ద. నాగార్జున సాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. నూతిలో రాయి వేస్తే 2 సెకన్లకు చప్పుడు వినిపించింది, నుయ్యి లోతెంత అని అడిగారు. మీకు 200 మీటర్లు వచ్చిందనుకోండి. మీ ఊరి నూతిలో సాగర్ డ్యామ్ నిలువునా మునిగిపోవాలి! అక్కడే ఆగి వెనక్కి చూస్తారు. కాలాన్ని వర్గం చేసి, సగం చేసి, పదితో గుణిస్తే వచ్చేది 20 మీటర్లు.

ఎందులో రావాలి? ఎంత రావచ్చు? ఈ రెండే. ఇక లెక్కల సబ్జెక్టులోకి వద్దాం. ఎప్‌సెట్‌లో సగం ప్రశ్నలు అవే కదా, 160 లో 80.

మీ డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ఒక కొళాయి విప్పితే 3 గంటల్లో నిండుతుంది. ఇంకో కొళాయి విప్పితే 6 గంటల్లో నిండుతుంది. రెండూ ఒకేసారి విప్పితే ఎంతసేపు?

పెన్ను పెట్టకండి. ముందు గట్లు వేద్దాం. పెద్ద కొళాయి ఒక్కటే ఉన్నా 3 గంటల్లో నిండేది. దానికి ఇంకోటి తోడైంది. కాబట్టి 3 గంటలకంటే తక్కువే పడుతుంది. సరే, ఎంత తక్కువ? రెండోది కూడా పెద్ద కొళాయే అయ్యుంటే సరిగ్గా సగం, గంటన్నర పట్టేది. కానీ రెండోది అంత జోరుది కాదు. కాబట్టి గంటన్నర కంటే ఎక్కువ పడుతుంది. గంటన్నరకూ మూడు గంటలకూ మధ్యన. ఇది వేళ్ళ మీద కూడా లెక్కపెట్టకుండా తేలిన సంగతి.

ఇప్పుడు ప్రశ్నపత్రంలో ఆప్షన్లు చూడండి. 9 గంటలు, నాలుగున్నర గంటలు, అరగంట, 2 గంటలు. ఈ తప్పు జవాబులు గాలిలోంచి ఊడిపడినవి కావు. రెండూ కూడినవాడికి 9 వస్తుంది. సగటు తీసినవాడికి నాలుగున్నర వస్తుంది. మూడో వంతు, ఆరో వంతు కలిపి, చివర తిరగెయ్యడం మరిచిపోయినవాడికి అర వస్తుంది. పేపరు తయారుచేసేవాళ్ళకు మీ తప్పులు మీకంటే బాగా తెలుసు. మీరు ఎక్కడెక్కడ జారతారో అక్కడక్కడ ఒక ఆప్షన్ పరిచి పెడతారు. అందుకే మీకు వచ్చిన జవాబు ఆప్షన్లలో కనపడిందని సంబరపడకండి. అది ఆప్షన్లలో ఉండటం అది సరైనదనడానికి సాక్ష్యం కాదు. మీరు వేసుకున్న గట్ల మధ్య ఉన్నది మాత్రం 2 గంటలు ఒక్కటే.

ఇదే లెక్కను ఫిజిక్సు పుస్తకంలో వేరే వేషంలో చూస్తారు. 3 ఓమ్‌ల నిరోధం, 6 ఓమ్‌ల నిరోధం సమాంతరంగా కలిపారు. మొత్తం ఎంత? 2 ఓమ్‌లు. అదే కొళాయి, అదే ట్యాంకు. అక్కడ నీళ్ళు, ఇక్కడ కరెంటు. ఒక దారి ఉన్నచోట రెండో దారి తెరిస్తే అడ్డు తగ్గుతుందే గానీ పెరగదు. సమాంతరంగా కలిపితే చిన్నదానికంటే చిన్నది రావాలి. ఈ ఒక్క మాట గుర్తున్న పిల్లవాడు చిక్కుముడిలా కనపడే సర్క్యూట్‌లో కూడా జవాబు ఏ వైపు ఉండాలో చెప్పగలడు.

ఇంకో లెక్క. ఇది కాస్త పెద్దపిల్లలది. వర్గమూలంలో ఒకటి మైనస్ ఎక్స్ స్క్వేర్. దాన్ని సున్నా నుంచి ఒకటి దాకా ఇంటిగ్రేట్ చెయ్యాలి. ఆప్షన్లు ఇవీ: పై, పై బై 2, పై బై 4, పై బై 8. ఇంటిగ్రేషన్ అంటే వంపు కింద ఉన్న జాగా. ఈ వంపు ఒకటి పొడవు, ఒకటి వెడల్పు ఉన్న చదరంలో ఒదిగి ఉంది. గజం గుడ్డలోంచి గజంన్నర జాకెట్టు ఏ దర్జీ కుడతాడు? కాబట్టి జవాబు ఒకటికి మించదు. పై పోయింది, పై బై 2 పోయింది. వంపు బయటికి ఉబికి ఉంది గనక, ఆ చదరాన్ని మూల నుంచి మూలకు కోస్తే వచ్చే త్రిభుజం కంటే పెద్దదే. అంటే సగానికి మించాలి. పై బై 8 అంటే 0.39, అదీ పోయింది. మిగిలింది పై బై 4. మీరు మామూలుగా చేసినా అదే వస్తుంది. చెయ్యండి. చెయ్యొద్దని నేను అనడం లేదు. ముందు ఇది చూసి, తరవాత అది చెయ్యమంటున్నాను.

కెమిస్ట్రీలో ఒక పాత లెక్క ఉంది. ఏళ్ళ తరబడి పిల్లల్ని పడగొడుతోంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత పది టు ద పవర్ మైనస్ 8 మోలార్. దాని పీహెచ్ ఎంత? సూత్రం నోటికొచ్చినవాళ్ళు తడుముకోకుండా 8 అంటారు. ఒక్క క్షణం. పీహెచ్ 7 దాటితే అది క్షారం. మనం నీళ్ళలో కలిపింది ఆమ్లం. నిమ్మకాయ రసం ఒక్క చుక్క బిందెలో కలిపినా, బావిలో కలిపినా, పులుపు తెలియకుండా పోతుందేమో గానీ ఆ నీళ్ళు సబ్బునీళ్ళయిపోవు. కాబట్టి జవాబు 7 కంటే కొంచెం తక్కువ ఉండాలి. ఈ మాట రఫ్ పేజీ మూలన రాసుకున్నవాడికి 8 వస్తే చెయ్యి ఆగుతుంది. ఏం మరిచిపోయాను అని వెతుకుతాడు. నీళ్ళను మరిచిపోయాడు! నీళ్ళు తమంతట తామే పది టు ద పవర్ మైనస్ 7 మేర హైడ్రోజన్ అయాన్లు ఇస్తాయి. మనం వేసిన ఆమ్లం కంటే అది పదింతలు. అది కలుపుకుంటే పీహెచ్ 6.98 వస్తుంది. ఇక్కడ ఉజ్జాయింపు తప్పును పట్టుకోవడమే కాదు, పాఠంలో ఏ ముక్క విడిచిపెట్టారో కూడా చూపిస్తోంది.

ఇవన్నీ పరీక్ష సంగతులు. మార్కు పోతే పోతుంది. ప్రాణాల మీదికొచ్చిన లెక్క ఒకటి చెబుతాను. 1983 జులై 23. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కు బయల్దేరింది. లోపల 69 మంది. ఆ రోజుల్లో కెనడా పౌండ్లు వదిలి కిలోలకు మారుతోంది. విమానంలో ఇంధనం చూపించే మీటరు పనిచెయ్యడం లేదు. దాంతో ట్యాంకులో ఎన్ని లీటర్లుందో కొలిచి, బరువు కాగితం మీద లెక్కగట్టారు. కావలసింది 22,300 కిలోలు. లీటర్లను దేనితో గుణించాలి? వాళ్ళు అలవాటుగా 1.77 తో గుణించారు. అది లీటరుకు పౌండ్ల లెక్క. కిలోల్లో అయితే లీటరుకు 0.8 ఉండాలి. కాగితం మీద 22,300 కిలోలు వచ్చింది. ట్యాంకులో ఉన్నది అందులో సగం కూడా లేదు. 41,000 అడుగుల ఎత్తున ఉండగా ఇంధనం అయిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆ పైలట్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండబట్టి సరిపోయింది. గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరం మీద అంత పెద్ద విమానాన్ని గాలిపటంలా దించాడు. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఇప్పుడు నాయనమ్మ చూపుతో ఆ 1.77 ను చూడండి. లీటరుకు 1.77 కిలోలు అంటే ఏమిటి? లీటరు నీళ్ళు కిలో బరువు. అంటే విమాన ఇంధనం నీళ్ళకంటే ముప్పావు వంతు ఎక్కువ బరువన్నమాట. విమాన ఇంధనం ఒక రకం కిరసనాయిలే. కిరసనాయిలు నీళ్ళ మీద తేలుతుందా, మునుగుతుందా? లాంతరు తుడిచిన చేతులు బకెట్లో కడిగిన మన అమ్మమ్మలు ఎవరైనా చెబుతారు. తేలుతుంది. తేలేది నీళ్ళకంటే బరువుండదు. కాబట్టి ఆ అంకె ఒకటి కంటే తక్కువే ఉండాలి. నాకు ఈ సంఘటన చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. చదువుకున్నవాళ్ళు, అనుభవమున్నవాళ్ళు, గుణకారం తప్పు చెయ్యలేదు. ఎందులో అన్న ప్రశ్న ఒక్కటే వదిలేశారు.

సరే, సూత్రమే సరిగా గుర్తులేనప్పుడు? అప్పుడూ ఈ చూపు పనికొస్తుంది. లోలకం ఆవర్తన కాలంలో పొడవు పైనా, కిందా? అట్లతద్దినాడు ఉయ్యాల ఊగినవాళ్ళను అడగండి. చింతకొమ్మకు పొడుగు తాడుతో కట్టిన ఉయ్యాల నింపాదిగా ఊగుతుంది. పొట్టి తాడు ఉయ్యాల గబగబా ఊగుతుంది. పొడవు పెరిగితే కాలం పెరగాలి. కాబట్టి పొడవు పైన. గిలక లెక్కా అంతే. గిలక మీద తాడు, రెండు కొసలకూ రెండు బకెట్లు. త్వరణంలో బరువుల తేడా పైనా, మొత్తం పైనా? రెండు బకెట్లూ సమానంగా ఉన్నాయనుకోండి. ఏదీ కదలదు, త్వరణం సున్నా రావాలి. తేడా పైన ఉంటేనే సున్నా వస్తుంది. తిరగేసి రాస్తే సమానమైన బకెట్లు అనంతమైన త్వరణంతో లేచిపోతాయి. అలాంటి గిలక ఏ నూతి మీదా లేదు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "టైమెక్కడిది సార్?" ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటల్లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాల చిల్లర. అన్నింటికీ ఇది చెయ్యమనడం లేదు. థియరీ బిట్లకు దీనితో పని లేదు. అంకెలున్న లెక్కకు, అదీ రెండు మెట్లు దాటిన లెక్కకు చెయ్యండి. అలవాటైతే ఐదారు సెకన్ల పని. మొదట్లో మాత్రం నిమిషం పడుతుంది, ఒక్కోసారి ఉజ్జాయింపే తప్పుతుంది. విసుగొస్తుంది. అందుకే పరీక్ష నెలలో మొదలుపెట్టకండి. ఇప్పుడే, రోజుకు పది లెక్కల మీద మొదలుపెట్టండి.

ఎప్‌సెట్‌లో తప్పుకు కోత లేదు. అక్కడ జవాబు తేలకపోయినా, గట్లు వేసి రెండు ఆప్షన్లు కొట్టేసి మిగిలినవాటిలో ఒకటి పెట్టొచ్చు. ఖాళీగా వదలకండి. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు కోత. అక్కడ ఇదే చూపు తొందరపడకుండా ఆపుతుంది. అందులో ఒక్కో సబ్జెక్టులో 5 ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, అంకె మీరే టైపు చెయ్యాలి. 250 బదులు 25 కొట్టినా అది తప్పని తెరమీద ఎవరూ చెప్పరు. కాలిక్యులేటరు ఉండదు. రఫ్ పేజీ మూలన ఉన్న ఆ చిన్న అంకె ఒక్కటే మీకు తోడు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫిజిక్సు మాకేం తెలుసండీ అనుకోకండి. పిల్లవాడు లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని, "ఎంత రావచ్చంటావ్?" అని అడగండి చాలు. వాడు చెబుతాడు, లేదా ఆలోచనలో పడతాడు. టెస్టు రాసొచ్చిన పిల్లను గుమ్మంలోనే ఎన్నొచ్చాయని అడగడం కంటే ఇది ఎంతో నయం.

జార్జ్ పోల్యా అనే గణితాచార్యుడు 1945లో 'హౌ టు సాల్వ్ ఇట్' అని ఒక పుస్తకం రాశారు. లెక్క చెయ్యడానికి నాలుగు మెట్లు చెప్పారు. చివరి మెట్టు, చేసినదాన్ని వెనక్కి తిరిగి చూడటం. మన పిల్లలు ఎక్కువగా ఎగ్గొట్టే మెట్టు అదే. వెనక్కి తిరిగి దేనితో పోల్చి చూడాలో తెలియకపోతే చూసి మాత్రం ఏం లాభం? అందుకే పెన్ను పెట్టకముందే ఒక అంకె రాసుకోమంటున్నాను.

ఈ రాత్రి స్టడీ అవర్‌లో ఒక పని చెయ్యండి. కిందటిసారి రాసిన గ్రాండ్ టెస్టు పేపరు తీయండి. సిల్లీ మిస్టేక్ అని మీరు పక్కన పెట్టిన లెక్కలన్నీ ఒకచోట చేర్చండి. కీ చూడకుండా, ఒక్కోదాని పక్కన రెండే రాయండి. ఎందులో రావాలి, ఎంత రావచ్చు. తరవాత మీరప్పుడు పెట్టిన జవాబు చూడండి. వాటిలో ఎన్ని అక్కడికక్కడే దొరికిపోయేవో లెక్కపెట్టి, ఆ అంకె పేపరు మీద రాసుకోండి.